చార్లెస్టన్‌లో రెండు రోజులు: వీకెండ్ ట్రిప్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ అనగానే అందరి ఫోన్లలోనూ ఉండే ఫొటో ఒకటే. రంగురంగుల ఇళ్ల వరస, ముందు గుర్రపు బండి. మా షార్లెట్ నుంచి వెళ్లే తెలుగువాళ్లు చాలామంది ఆ ఫొటో దిగి, బీచ్‌లో ఓ గంట కూర్చుని తిరిగొచ్చేస్తారు. మేమూ మొదటిసారి అలాగే వచ్చేశాం. రెండోసారి కోనసీమ నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లాను. నాన్నగారు జీవితమంతా వరి పండించిన మనిషి. ఆయన పక్కన నడిచాకే ఆ ఊరు నాకు సరిగ్గా కనపడింది. ఆ మేడలు లేచింది చాలావరకు వరి డబ్బుతో. ఆ వరి పండించింది ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన మనుషులు. అన్నం తినేవాళ్లం కాబట్టి మనం చార్లెస్టన్‌ని ఆ దారిలోనే చూడాలని నా గట్టి నమ్మకం. ఈ ప్లాన్ అలా వేసుకున్నదే.

1. ముందు తేదీ, తర్వాత పోటు

మార్చి చివరి నుంచి ఏప్రిల్ దాకా అజేలియా పూలు విరగబూస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో ఎండ మెత్తబడుతుంది. జూలై, ఆగస్టుల్లో మాత్రం మన కాకినాడ ఉక్కపోతే, పెద్దవాళ్లతో నడవలేరు. జూన్ నుంచి నవంబరు చివరి దాకా హరికేన్ల కాలం కాబట్టి, ఆ నెలల్లో వెళ్తే క్యాన్సిల్ చేసుకునే వీలున్న రూమే తీసుకోండి. మే నెలాఖరులో మొదలై 17 రోజులు సాగే స్పొలీటో అనే కళల ఉత్సవం అప్పుడు, వసంతంలో కూపర్ నది మీది రావెనెల్ బ్రిడ్జి మీద జరిగే పెద్ద పరుగు పందెం అప్పుడు రూములు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి.

ఇంకొకటి చాలామంది చూసుకోరు. ఆష్లీ, కూపర్ నదుల మధ్య నాలుకలా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన పల్లపు నేల ఇది. అమావాస్య, పౌర్ణమి పోట్లప్పుడు వాన పడకపోయినా కొన్ని వీధుల్లోకి నీళ్లొస్తాయి. వెళ్లే రోజుల పోటు వేళలు ఫోన్‌లో చూసుకోండి. వీధిలో నిలిచిన నీళ్లలోంచి కారు పోనివ్వకండి, అవి ఉప్పునీళ్లు.

2. దారి, బస, పార్కింగ్

షార్లెట్ నుంచి దాదాపు 210 మైళ్లు, మూడున్నర గంటలు. కొలంబియా దాకా ఇంటర్‌స్టేట్ హైవే 77, అక్కడి నుంచి 26. అట్లాంటా నుంచి 300 మైళ్లు దాటుతుంది, ఐదు గంటలు వేసుకోండి. వీలైతే శుక్రవారం రాత్రికే చేరుకోండి, శనివారం పొద్దున్న ఏడింటి వెలుతురు ఆ ఊళ్లో వృథా చేసుకోకూడదు.

పాత ఊళ్లో హోటళ్లు ఖరీదు. నార్త్ చార్లెస్టన్‌లోనో, బ్రిడ్జికి అవతల మౌంట్ ప్లెజెంట్‌లోనో దిగితే బాగా తగ్గుతుంది. కారు ఏదైనా పార్కింగ్ గరాజ్‌లో పెట్టేసి మరిచిపోండి. పాత ఊళ్లో తిరిగే డ్యాష్ బస్సులు ఉచితం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అవే ఆధారం.

3. ఇంటి దగ్గరే కొనాల్సిన టికెట్లు

రెండే. ఒకటి ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం. సోమవారం మూసేస్తారు, లాంగ్ వీకెండ్‌లో వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి. రెండోది ఫోర్ట్ సమ్టర్ పడవ. అమెరికా అంతర్యుద్ధంలో మొదటి గుళ్లు 1861 ఏప్రిల్ 12న పేలింది ఆ కోట మీదే. పడవలో అరగంట పైన, కోటలో ఓ గంట, మళ్లీ అరగంట. మొత్తం రెండు గంటల పైమాటే. పిల్లలకి పడవ సరదా కాబట్టి వాళ్లుంటే వెళ్లండి. లేకపోతే సలివాన్స్ ఐలండ్‌లోని ఫోర్ట్ మౌల్ట్రీకి కారులోనే వెళ్లొచ్చు. 1776లో బ్రిటిష్ ఫిరంగి గుళ్లని అక్కడి గోడలకి వాడిన పాల్మెటో దుంగలు మింగేశాయి. మన తాటికి దూరపు చుట్టంలాంటి చెట్టది, మాను పీచుపీచుగా మెత్తగా ఉంటుంది. ఆ రాష్ట్రం జెండా మీద ఉన్నది ఆ చెట్టే.

4. శనివారం పొద్దున్న: బ్యాటరీ నుంచి మార్కెట్ దాకా నడక

ఊరి దక్షిణపు కొసన ఉన్న బ్యాటరీ అనే సముద్రపు గట్టు దగ్గర మొదలుపెట్టండి. ఓక్ చెట్ల కింద పాత ఫిరంగులు, ఎదురుగా హార్బర్. అక్కడి నుంచి ఈస్ట్ బే స్ట్రీట్ వెంట ఉత్తరానికి నడిస్తే రెయిన్‌బో రో వస్తుంది. 13 ఇళ్లు. ఈ రంగులు మాత్రం పాతకాలానివి కావు, శిథిలమైపోతున్న ఇళ్లని 1930లలో బాగుచేయించేటప్పుడు మొదలయ్యాయి. ఫొటో ఇక్కడ దిగేయండి.

తర్వాత పక్క సందుల్లోకి తిరగండి. చాలా ఇళ్లు వీధికి అడ్డంగా కాకుండా నిలువుగా, ఒక్క గది వెడల్పుతో ఉంటాయి. పక్కన పొడవునా వసారా. సముద్రపు గాలి ఇంట్లోకి రావడానికి అలా కట్టుకున్నారు. వీధి తలుపు తీస్తే ఇంట్లోకి కాదు, ఆ వసారాలోకి వెళ్తాం. గోడల మీద అక్కడక్కడ ఇనుప బిళ్లలు కనిపిస్తాయి. అలంకారం కోసం పెట్టినవి కావవి. 1886 ఆగస్టు 31న వచ్చిన పెద్ద భూకంపం తర్వాత గోడలు విడిపోకుండా లోపల ఇనుప కడ్డీలు దూర్చి బిగించారు, వాటి చివరలే ఆ బిళ్లలు. పిల్లలకి చెబితే లెక్కపెడుతూ నడుస్తారు. పాత కట్టడాల రక్షణకి అమెరికాలో మొట్టమొదట, 1931లో, జోనింగ్ చట్టం చేసింది ఈ ఊరే.

చామర్స్ స్ట్రీట్‌లో రాళ్లు పరిచిన రోడ్డు ఉంటుంది, హీల్స్ వద్దు. ఆ వీధిలోనే ఓల్డ్ స్లేవ్ మార్ట్ మ్యూజియం. 1856లో వీధుల్లో బహిరంగంగా మనుషుల్ని వేలం వేయడాన్ని ఊరు నిషేధిస్తే, ఆ అమ్మకాలు ఇలాంటి గోడల మధ్యకి మారాయి. చిన్న మ్యూజియమే, ముప్పావు గంట చాలు. కానీ దాటేసి పోకండి.

అక్కడి నుంచి సిటీ మార్కెట్. మీటింగ్ స్ట్రీట్ నుంచి ఈస్ట్ బే వైపు బారుగా సాగిన షెడ్లు. టీషర్టులు, ఫ్రిజ్ మాగ్నెట్ల మధ్య స్వీట్‌గ్రాస్ బుట్టలు అల్లే స్త్రీల దగ్గర ఆగండి. వీళ్లు గల్లా జనం, వరి చేలల్లో పనిచేసిన ఆఫ్రికన్ల వారసులు. గడ్డిని చుట్టగా చుట్టుకుంటూ, చెంచా కాడని అరగదీసి చేసిన మొనతో సందు చేసి, అందులోంచి పాల్మెటో ఆకు చీలికని లాగి బిగిస్తారు. చుట్ట, మొన, ఆకు, బిగింపు. మాట్లాడుతూనే ఉంటారు, చెయ్యి మాత్రం ఆగదు.

నాన్నగారు అక్కడ వెడల్పాటి, లోతు లేని ఒక బుట్టని రెండు చేతులా పట్టుకుని, అలవాటుగా ఒకసారి పైకి ఎగరేశారు. ఖాళీ బుట్టే. "ఇది చేటరా!" అన్నారు. అల్లుతున్న పెద్దావిడ తలెత్తి చూసి నవ్వి, తనూ గాలిలోనే రెండు చేతులతో చెరిగి చూపించింది. ఆయనకి ఇంగ్లిష్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. నిజంగానే ఆ బుట్ట పేరు ఫ్యానర్, దంచిన వడ్లలోంచి ఊక చెరగడానికి ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న విద్య. వడ్లు దంచింది కూడా రోట్లో రోకలితోనే.

బుట్టలు చిన్నవి పదుల డాలర్లు, పెద్దవి వందలు. దయచేసి బేరం ఆడకండి. ఒక్కో పెద్ద బుట్ట వెనక వారాల పని ఉంటుంది.

5. తిండి: అడిగి తినండి

రొయ్యలు తినేవాళ్లకి పండగే. ష్రింప్ అండ్ గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావలాగా వండి, పైన రొయ్యల కూర వేసిచ్చేది. రెడ్ రైస్ మన టమాటా అన్నానికి అక్కలాంటిది. బెండకాయ పులుసు ఉంది, అలసందలతో చేసే హాపిన్ జాన్ అనే అన్నం ఉంది. నువ్వులు, బెండ కూడా ఆఫ్రికా నుంచి అదే దారిలో వచ్చినవే. అక్కడ నువ్వుల్ని బెనీ అంటారు, బెనీ వేఫర్స్ పేరుతో తియ్యటి పల్చటి నువ్వుల బిళ్లలు అమ్ముతారు. ఓ ప్యాకెట్ కొనుక్కోండి.

శాకాహారులు మాత్రం జాగ్రత్త. కాలర్డ్ గ్రీన్స్ పేరుకి ఆకుకూర, కానీ చాలాచోట్ల పంది మాంసం వేసి ఉడికిస్తారు. రెడ్ రైస్, హాపిన్ జాన్ కూడా అంతే. మా అమ్మకి ఒక హోటల్లో ఆకుకూరే కదా అని తెప్పించాం. సగం తిన్నాక ముక్క తగిలింది. ఆ పూటంతా ఆమె మంచినీళ్లు కూడా తాగలేదు. తప్పు నాది, అడగాల్సింది. "శాకాహారమా?" అని అడిగితే సరిపోదు. "పంది మాంసంతో గానీ, మాంసం ఉడికించిన నీళ్లతో గానీ వండారా?" అని విడమరిచి అడగండి. పచ్చి టమాటా వేపుడు చాలావరకు సురక్షితం, అయినా ఏ నూనెలో వేయిస్తున్నారో కనుక్కోండి. పెద్దవాళ్లుంటే పులిహోర కట్టుకెళ్లడం ఇప్పటికీ మంచి ఆలోచనే.

6. శనివారం మధ్యాహ్నం: గాడ్స్‌డెన్స్ వార్ఫ్

ముందే టికెట్ కొన్న ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం ఇక్కడే ఉంది, 2023లో తెరిచారు. బానిస ఓడలు వచ్చి ఆగిన రేవు మీద కట్టారు కాబట్టి ఆ నేలని తాకకుండా, 18 స్తంభాల మీద 13 అడుగుల ఎత్తున నిలబెట్టారు. ఇప్పటి అమెరికా నేల మీదికి వచ్చిన ఆఫ్రికన్ బానిసల్లో దాదాపు 40 శాతం మంది చార్లెస్టన్ మీదుగానే దిగారని అంచనా. 1808లో చట్టం ఆ దిగుమతిని ఆపింది, అమ్మకాల్ని మాత్రం ఆపలేదు.

టికెట్ లేకపోయినా భవనం కింద ఉన్న తోటలోకి వెళ్లొచ్చు. హార్బర్ వైపు నేల మీద పక్కపక్కనే ఇరికించి పడుకోబెట్టిన మనుషుల ఆకారాలు చెక్కి ఉంటాయి. వాటి మీదికి నీళ్లు వస్తాయి, మళ్లీ తీస్తాయి. నీళ్లు తీసినప్పుడు ఆకారాలు తేలతాయి. కాసేపు నిలబడి ఒక్కసారైనా పూర్తిగా చూడండి.

సాయంత్రం వాటర్‌ఫ్రంట్ పార్కులో అనాసపండు ఆకారంలో ఉన్న ఫౌంటెన్ దగ్గర కూర్చుంటే పిల్లలు నీళ్లలో ఆడుకుంటారు. ఓపిక ఉంటే రావెనెల్ బ్రిడ్జి మీద కాలిబాట ఉంది, టికెట్ లేదు.

7. ఆదివారం: ఒక తోట, ఒక చెట్టు

చుట్టుపక్కల పాత ప్లాంటేషన్లు, అంటే బానిసలతో సేద్యం చేయించిన పెద్ద ఎస్టేట్లు, చాలా ఉన్నాయి. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు. రెండింట్లో ఒకటి ఎంచుకోండి.

వరి చూడాలంటే మిడిల్టన్ ప్లేస్. 1741లో మొదలైన తోటలు, వాటికి దిగువన నది, చూపించడానికి వేసిన చిన్న వరి మడి. ఇక్కడ సేద్యం పోటు మీద నడిచేది. సముద్రం పోటెత్తినప్పుడు నదిలో పైనున్న మంచినీరు వెనక్కి తన్నుకొస్తుంది. అప్పుడు తూము ఎత్తి మడుల్లోకి నీళ్లు పెట్టుకుంటారు, ఆటుకి తీసేస్తారు. ఆ తూముని ట్రంక్ అంటారు, మొదట్లో చెట్టు మానుని బోలుగా తొలిచి గట్టు కింద పెట్టేవాళ్లు కాబట్టి ఆ పేరని చెబుతారు. నాన్నగారు గట్టు మీద చాలాసేపు నిలబడి, "మనూళ్లో తాటి బోదె పెట్టేవాళ్లం" అన్నారు. తర్వాత ఒక్కటే అడిగారు: "ఈ బురదలో ఇంత గట్టు, కూలి లేకుండా పోయించారా?"

మనుషుల కథ దగ్గరగా చూడాలంటే జేమ్స్ ఐలండ్‌లోని మెక్లౌడ్. పత్తి తోట ఇది. గైడ్ ఇంటి యజమాని గొప్పల కంటే అక్కడ పనిచేసినవాళ్ల బతుకు గురించే ఎక్కువ చెబుతాడు. బానిసల గుడిసెలు వరసగా అలాగే ఉన్నాయి. పాత ఇటుకల మీద చిన్న చిన్న వేళ్ల ముద్రలు చూపిస్తారు. పచ్చి ఇటుకని తిప్పి ఎండబెట్టిన పిల్లల వేళ్లవి. ప్లాంటేషన్లలో పెళ్లి ఫొటోలు తీయించుకునే మనవాళ్లు ముందు ఆ ఇటుక మీద వేలు పెట్టి చూడాలని నా కోరిక.

అక్కడి నుంచి జాన్స్ ఐలండ్‌లోని ఏంజెల్ ఓక్‌కి వెళ్లండి. టికెట్ లేదు, తెరిచే వేళలు మాత్రం ముందు చూసుకోండి. మూడు నాలుగు వందల ఏళ్ల చెట్టని అంచనా. ఎత్తు 65 అడుగులే, నీడ మాత్రం 17,000 చదరపు అడుగులు. కొమ్మలు బరువుకి వంగి నేలని ఆనుకుని మళ్లీ పైకి లేస్తాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూసినవాళ్లకి అది గుర్తొస్తుంది, తేడా ఏమిటంటే దీనికి ఊడలు లేవు. కొమ్మలెక్కనివ్వరు, పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్లండి.

మూడింటికల్లా బయల్దేరిపోండి, ఆ తర్వాత 26 మీద ట్రాఫిక్ చిక్కబడుతుంది. దారిలో బాయిల్డ్ పీనట్స్ అని చేత్తో రాసిన బోర్డు కనపడితే ఆపండి. అచ్చం మనం పొయ్యి మీద ఉప్పేసి ఉడకబెట్టుకునే వేరుశనక్కాయలే, అక్కడి రాష్ట్రం అధికారిక చిరుతిండి కూడా. పెద్ద సంచీ కొనండి, తొక్కలకి ఇంకో ఖాళీ సంచీ అడిగి తీసుకోండి. తడి కాయలు కాబట్టి మిగిల్చి ఇంటికి తేవద్దు, వేడి ఉండగానే కారులోనే అవగొట్టేయండి.