చనిపోయిన తండ్రి పేరున ఉన్న కారుకి యాక్సిడెంట్ అయితే: ఇన్సూరెన్స్ క్లెయిమ్ దరఖాస్తు విధానం

మొన్న ఒక షెడ్డులో ఒక అబ్బాయిని చూశాను. నాన్న పోయి ఇరవై రోజులు కూడా కాలేదు. పెద్దకర్మకి సామాన్లు తెస్తుంటే వెనక నుంచి ఆటో గుద్ది కారు బంపర్ పగిలింది, డిక్కీ సొట్టపోయింది. ఆర్సీ, పాలసీ రెండూ నాన్న పేరునే ఉన్నాయి. "ఓనరే లేడుగా, క్లెయిమ్ రాదు. అయిదు వేలివ్వు, నేను చూసుకుంటా" అంటున్నాడు పక్కనున్న మనిషి. చూసుకోవడమంటే చనిపోయినాయన సంతకం వీళ్లే పెట్టి, పాత తేదీ వెయ్యడం. దయచేసి అందుకు ఒప్పుకోకండి.

ఓనరు చనిపోయిన రోజే పాలసీ ఆగిపోదు. చనిపోయిన తేదీ నుంచి మూడు నెలలు, లేదా పాలసీ గడువు తీరే రోజు, ఏది ముందొస్తే అప్పటిదాకా అది చెల్లుతుంది. ఈ మాట పాలసీ షరతుల్లోనే రాసి ఉంటుంది. ఈలోపు కారు వాడుకుంటున్న వారసులు పాలసీని తమ పేరుకి మార్పించుకోవాలి, లేదా కొత్తది తీసుకోవాలి. మూడు నెలల లెక్క చనిపోయిన తేదీ నుంచే మొదలవుతుంది, డెత్ సర్టిఫికెట్ చేతికొచ్చిన తేదీ నుంచి కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే.

యాక్సిడెంట్ అయిన వెంటనే చేయాల్సినవి అందరికీ ఒకటే. నంబరు ప్లేటు కనిపించేలా ఫొటోలు తీయండి, అవతలి బండి నంబరు రాసుకోండి, పాలసీ మీదున్న నంబరుకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. సర్వేయర్ (నష్టం ఎంతో చూసి లెక్కకట్టే మనిషి) చూసేదాకా రిపేరు మొదలుపెట్టనివ్వకండి. బండి నడిపినవాళ్ల లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. మన కారుకి సొట్ట పడినంత మాత్రాన మామూలుగా ఎఫ్ఐఆర్ అడగరు. ఎవరికైనా దెబ్బ తగిలితే మాత్రం ముందు ఆస్పత్రి, తర్వాత 24 గంటల్లోపు పోలీసులకి సమాచారం.

ఫోన్లో "పాలసీ మీ పేరునే ఉందా?" అని అడిగితే నిజం చెప్పండి. "మా నాన్నగారిది, ఫలానా తేదీన చనిపోయారు, పేరు మార్పుకి దరఖాస్తు పెడుతున్నాం" అంటే చాలు. దాచిపెట్టి తర్వాత బయటపడితేనే క్లెయిమ్ పోతుంది. క్లెయిమ్ ఫారం మీద వారసులే తమ సొంత సంతకం చేయాలి. పేరు మార్పు పూర్తయ్యాకే డబ్బు ఇస్తామని కంపెనీ అనవచ్చు, కానీ ప్రమాదం సంగతి చెప్పడానికి దానికోసం ఆగక్కర్లేదు. రెండు పనులూ ఒకేసారి నడిపించండి.

పాలసీ మార్పుకి డెత్ సర్టిఫికెట్, బండి మీద మీకు హక్కుందని చూపే కాగితం, అసలు పాలసీ కావాలి. డెత్ సర్టిఫికెట్ అయిదారు కాపీలు ఒకేసారి తీసుకోండి, బ్యాంకుకీ పెన్షన్‌కీ కూడా కావాలి కదా. హక్కు కాగితం దగ్గరే పని ఆగేది. దానికి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. అమ్మ, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు తమకి అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం కూడా అడుగుతారు. ఊరినుంచి వచ్చినవాళ్లు కర్మ అయ్యాక తిరిగి వెళ్లకముందే ఆ సంతకాలు తీసుకోండి. ఆ సమయంలో అడగడం కష్టమే, నాకు తెలుసు. కానీ వాళ్లు వెళ్లిపోయాక ఒక్క సంతకం కోసం నెలలు తిరిగినవాళ్లని చూశాను.

ఆర్టీఏలో ఆర్సీ మార్పుకి ఫారం 31. మరణం గురించి 30 రోజుల్లో తెలియజేయాలి, మూడు నెలల్లో దరఖాస్తు పెట్టాలి. కొందరు బ్రోకర్లు ఫారం 29, 30 తెచ్చి పెద్దాయన సంతకం పెట్టమంటారు. అవి అమ్మకానికి వాడేవి. చనిపోయినవాళ్లు అమ్మినట్టు చూపడం ఫోర్జరీ అవుతుంది, కేసు పడేది మీ మీదే. కారు మీద లోన్ ఉంటే ఫైనాన్స్ ఇచ్చినవాళ్ల అంగీకారం కూడా కావాలి.

దెబ్బ చిన్నదైతే క్లెయిమ్ చేయాలా వద్దా అన్నది లెక్క వేసుకోండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకి సగమే ఇస్తారు, 1500 సీసీ లోపు కారైతే అందులోంచి మరో 1,000 తీసేస్తారు. అంటే 4,000 రూపాయల బంపర్‌కి చేతికొచ్చేది 1,000. అది తీసుకుంటే నాన్నగారు ఏళ్ల తరబడి కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) రెన్యువల్లో సున్నా అవుతుంది. ఆ బోనస్ 50 శాతం దాకా ఉండొచ్చు. కారు భార్యకి, పిల్లలకి, తల్లిదండ్రులకి వస్తే బోనస్ కూడా వాళ్లకే వస్తుంది, పాలసీ మార్చేటప్పుడు అడిగి రాయించుకోండి.

ఓనరు లేడన్న ఒక్క కారణంతో తిప్పి పంపితే, ఆ మాట కాగితం మీద ఇమ్మనండి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, రాయొచ్చు. రెండు రాష్ట్రాలకీ అదే ఆఫీసు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.