తెల్ల బుల్డాగ్: జత కలిపే ముందు వేసుకోవాల్సిన లెక్క

తెల్లగా ఉంటేనే అసలు బుల్డాగ్ అని ఎవరైనా చెబితే నమ్మకండి. రంగు కణాలు ఒళ్లంతా చేరలేదనడానికి గుర్తే తెలుపు. పిండంలో ఈ కణాలు వెన్ను పొడుగునా పుట్టి కిందికి పాకుతాయి. రొమ్ము, పాదాలు, తోక కొస వాటికి దూరం కాబట్టి తెలుపు ముందు అక్కడే పడుతుంది. ఇందులో ముఖ్యమైన జన్యువు ఎంఐటీఎఫ్. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి.

రెండూ మామూలువైతే నిండు రంగు. ఒకటి తెల్లదైతే మెడకూ రొమ్ముకూ కాళ్లకూ తెలుపు. రెండూ తెల్లవైతే ఒళ్లంతా తెలుపు, మహా అయితే చెవి మీదో తోక మొదట్లోనో మచ్చ. ఆవుల్లో బొల్లి అన్నట్టే. మచ్చ ఎంత పడేదీ ఒకే ఈతలోనూ మారుతుంది.

రొమ్ము తెల్లగా ఉన్న జంటను కలిపితే ప్రతి కూనకూ తెల్లగా పుట్టే అవకాశం నాలుగో వంతు. నాలుగు పుడితే ఒకటే తెల్లదని కాదు, రెండు రావచ్చు, అసలు రాకపోవచ్చు. నిండు రంగుదాన్ని తెల్లదానితో కలిపితే పిల్లలన్నీ రొమ్ము తెలుపువే. తెల్ల జంటను మాత్రం కలపొద్దు. దాదాపు ఈతంతా తెల్లగా వస్తుంది, చెవుడు ముప్పూ పెరుగుతుంది.

చెవుడెందుకంటే, లోపలి చెవికీ ఆ రంగు కణాలే కావాలి. అవి లేకపోతే మూడు నాలుగు వారాల వయసులో శబ్దాన్ని పట్టుకునే కణాలు చచ్చిపోతాయి. అందుకే రెండు వారాలకు ఉలిక్కిపడిన కూన వింటోందని తేల్చేయకూడదు. ఐదు వారాలు దాటాక తల్లినీ తోడు కూనలనూ పక్క గదిలో పెట్టి, నిద్రపోతున్న కూన వెనక నుంచి తాళంచెవుల గుత్తి ఆడించండి. గాలి తగలకూడదు, నేల అదరకూడదు, నీడ పడకూడదు. ఒక్క చెవే వినపడకపోతే ఇది పట్టుకోలేదు. దానికి బేయర్ పరీక్షే దారి, అంటే శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో ఒక్కో చెవికీ యంత్రంతో చూసే పరీక్ష.

మీగడ రంగు కుక్కను తెల్లదనుకుని లెక్క తప్పేవాళ్లున్నారు. ముక్కు, కనురెప్పల అంచు, చర్మం నల్లగా ఉంటే అది వేరే జన్యువు పని. గులాబీ చర్మమైతే బొల్లే. తేలకపోతే బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో నమూనా తీసి డీఎన్ఏ పరీక్షకు పంపండి. పాలు తాగిన కూననైతే గంటసేపు విడిగా ఉంచాకే తీయాలి, లేకపోతే తల్లి కణాలు కలిసిపోతాయి.

మహారాష్ట్రలోని చంద్రపూర్, సిరొంచ లాంటి చోట్ల ఎండలకు గులాబీ ముక్కు, చెవి కొసలు, పొట్ట కమిలి పొక్కులు లేస్తాయి. ఏళ్ల తరబడి కమిలితే చర్మ క్యాన్సర్ దాకా వెళ్లొచ్చు. మనం ఎండకు రాసుకునే, జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీములు దానికి రాయొద్దు, నాకితే విషం. బుల్డాగ్ ముక్కు అసలే పొట్టి, రొప్పి ఒళ్లు సరిగా చల్లార్చుకోలేదు. మే నెలలో నడక ఉదయం ఆరులోపే ముగించండి.