సరస్సు ఒడ్డున రాత్రి: తిరుపతి ట్రెక్కర్లకు సమస్యలు - పరిష్కారాలు

మనాలీ పైనున్న భృగు సరస్సుకో (సుమారు 4,235 మీటర్లు), బియాస్ కుండ్‌కో, కాశ్మీర్‌లో విషన్‌సర్, గంగాబల్ వైపో బయల్దేరే తిరుపతి, చిత్తూరు జనానికి కాళ్ల గురించి బెంగ ఉండదు. అలిపిరిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కే అలవాటున్న కాళ్లు సంచి బరువును బాగానే మోస్తాయి. ఇబ్బంది టెంట్ వేసుకున్నాక మొదలవుతుంది. కింద రాసినవాటిలో ఎక్కువభాగం సాయంత్రానికీ తెల్లవారుజాముకూ మధ్య వచ్చే సమస్యలే.

సమస్య: క్యాంపుకు చేరాక తలనొప్పి, వికారం, తిండి సయించదు

ఎండ తగిలిందనో, నీళ్లు తక్కువ తాగామనో అనుకుంటారు. అది కొంత నిజం కావచ్చు. ఒక లీటరు ఓఆర్ఎస్ నీళ్లు కొద్దికొద్దిగా తాగి గంట, రెండు గంటలు కూర్చోండి. తగ్గితే సరే. తగ్గకపోతే అది ఎత్తు వల్ల వచ్చిందేనని లెక్కవేసుకోవాలి. 4,200 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే 60 శాతమే. తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపు, కాబట్టి రోజూ మెట్లెక్కినా ఒంటికి ఈ అలవాటు రాదు. ఇంకా చెప్పాలంటే దమ్మున్నవాళ్లకే ప్రమాదం ఎక్కువ. అందరికంటే ముందు గబగబా ఎక్కేది వాళ్లే కదా.

ఆ రాత్రికి ఇంకా పైకి పోవద్దు. పారాసిటమాల్ వేసుకోవచ్చు. మద్యం, నిద్రమాత్రలు ముట్టుకోవద్దు. తెల్లారేసరికి తలనొప్పి పోకపోతే పై క్యాంపు మాటే ఎత్తొద్దు. అర్ధరాత్రి పెరుగుతుంటే ఈ పరీక్ష చేయండి: ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనిస్తూ తిన్నగా పది అడుగులు నడిపించాలి. తూలితే మెదడులో వాపు మొదలైనట్టు అనుమానించాలి. ఊరికే కూర్చున్నా ఆయాసం, తడి దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. ఏది కనిపించినా పొద్దు పొడిచేదాకా ఆగకుండా తోడు మనిషితో 500 నుంచి 1,000 మీటర్లు కిందికి దించాలి.

రాకుండా చూసుకోవడం ప్లాన్‌లోనే ఉంది. ఢిల్లీదాకా రైలు, అక్కణ్ణుంచి రాత్రి బస్సు, తెల్లారి మనాలీలో (సుమారు 2,050 మీటర్లు) దిగి ఆ రోజే నడక మొదలుపెట్టడం మనవాళ్లకు మామూలు. సెలవులు మిగిలించుకోవడానికి చేసే ఈ పనే కొంప ముంచుతుంది. మనాలీలో రెండు రాత్రులు, 3,000 దగ్గర ఒక రాత్రి ఉండండి. ఆపైన ఈ రాత్రి పడుకునే ఎత్తు నిన్నటికంటే 500 మీటర్లకు మించకూడదు. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర మామూలుగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఉంటారు కాబట్టి ఊళ్లోనే డాక్టరును అడిగి తీసుకోండి. వేళ్లు చిమచిమలాడడం, మూత్రం ఎక్కువ కావడం ఈ మందుతో ఉండేవే.

సమస్య: స్లీపింగ్ బ్యాగ్ ఖరీదైనదే, అయినా రాత్రి రెండింటికి వణుకు

తప్పు బ్యాగ్‌ది కాదు, కింద పరిచిన మ్యాట్‌ది. ఒంటి బరువుకు బ్యాగ్ అడుగుభాగం అణిగిపోతుంది, ఇక వేడినంతా నేల లాగేస్తుంది. మ్యాట్ మీద ఆర్ వాల్యూ అని ఉంటుంది, నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది. సన్న ఫోమ్ మ్యాట్‌కు అది 2 దాకా ఉంటుంది, సరస్సు క్యాంపుకు 4 అయినా కావాలి. రెండు మ్యాట్లు ఒకదానిమీద ఒకటి వేస్తే ఆ అంకెలు కలుస్తాయి. ఫోమ్ అడుగున, గాలి మ్యాట్ పైన. బ్యాగ్ మీద కంఫర్ట్ (హాయిగా నిద్రపట్టే చలి), లిమిట్ (ముడుచుకుని ఓర్చుకునే చలి) అని రెండు అంకెలుంటే కంఫర్ట్ అంకెనే నమ్మండి. లిమిట్ మన కింది ఊళ్ల ఒంటికి పనికిరాదు.

రెండో కారణం చోటు. రాత్రి చల్లగాలి వాలు మీదుగా జారి సరస్సు గుంటలో మడుగులా నిలుస్తుంది. ఫొటోకు బాగుందని ఒడ్డునే టెంట్ వేస్తే చలీ మంచూ రెండూ మీవే. కనీసం 60 మీటర్లు ఎడంగా, కాస్త మెరక మీద వేయండి. నీళ్లు పాడుకాకుండా ఉండాలన్నా ఇదే దూరం. స్పితిలో చంద్రతాల్ ఒడ్డున అయితే అసలు వేయనివ్వరు.

మూడోది చెమట. నడిచొచ్చిన బనియన్ వీపుకు అతుక్కునే ఉంటుంది. చలికి విప్పడానికి బద్ధకించి దానిమీదే స్వెటర్ తొడుగుతారు. అది రాత్రంతా ఆరదు. చేరిన పది నిమిషాల్లో పొడి బనియన్, పొడి సాక్సు మార్చాలి. పడుకునే ముందు గుప్పెడు చెనిక్కాయలు తిని, వేడినీళ్ల సీసాను సాక్సులో దూర్చి తొడల మధ్య పెట్టుకోండి.

సమస్య: టెంట్ లోపల నీటి బొట్లు

కారడం కాదు, మీ ఊపిరే. పై వెంట్లు తెరిచి ఉంచండి, తడి బూట్లు టెంట్ బయటి కప్పు కింద పెట్టండి.

సమస్య: డబ్బాలో గ్యాస్ కదులుతోంది, మంట మాత్రం సన్నబడి ఆరిపోతోంది

అది బ్యూటేన్ డబ్బా. సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి బ్యూటేన్ ఆవిరి కావడం మానేస్తుంది. పొడుగు డబ్బాల్లో ఎక్కువగా ఉండేది ఇదే. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన మర డబ్బా తీసుకోండి. రాత్రి దాన్ని బ్యాగ్‌లో పక్కన పెట్టుకుని, పొద్దున గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టి వెలిగించండి. మంటతో కాచొద్దు, గాలి అడ్డు రేకును డబ్బా చుట్టూ మూసేయొద్దు, టెంట్ లోపల వండొద్దు. రైల్లో, విమానంలో గ్యాస్ డబ్బాలు నిషేధం. కాబట్టి మనాలీలోనో శ్రీనగర్‌లోనో కొనుక్కోవాల్సిందే.

సమస్య: అన్నం పలుకు, పప్పు రాయి

4,200 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 86 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా బియ్యం, కందిపప్పు మోయడం దండగ. అటుకులు, బొరుగులు, వేయించిన రవ్వ, పులిహోర గొజ్జు, చెనిక్కాయ ఉండలు తీసుకుపోండి. రాగిపిండితో జావ అవుతుంది, సంగటి ఆశ వదులుకోండి. మనిషికి రోజుకు 600 నుంచి 700 గ్రాముల పొడి సరుకు చాలు.

సమస్య: నీళ్లు అద్దంలా ఉన్నాయి, కడుపు మాత్రం చెడింది

పైన గొర్రెలు, కంచర గాడిదలు మేస్తుంటాయి. 2,000 మీటర్లు దాటాక మూడు నిమిషాలు తెర్లనివ్వాలి. క్లోరిన్ మాత్ర చల్లనీళ్లలో నెమ్మదిగా పనిచేస్తుంది, ప్యాకెట్ మీది సమయానికి రెట్టింపు ఆగండి. గొట్టాల ఫిల్టర్ ఒకసారి గడ్డకడితే లోపల పగులుతుంది, బయటికి తెలియదు. రాత్రి దాన్నీ బ్యాగ్‌లోనే పెట్టుకోండి.

సమస్య: దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతోంది

బూటులో పాదం ముందుకు జారుతోంది. గోళ్లు కత్తిరించి, దిగే ముందు చీలమండ దగ్గర లేసు బిగించి కట్టండి. కొనేటప్పుడే మందం సాక్సుతో సాయంత్రం పూట వేసి చూసి, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉంచుకోవాలి. కొండమెట్ల మీద చెప్పుల్లేకుండా నడుస్తాం కనుక బూటు పరీక్ష అక్కడ జరగదు. పది కిలోల సంచితో హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డు దిగి చూడండి. టెంట్ పరీక్షకు మిద్దె మీద ఒక రాత్రి చాలు, అనుమతి లేకుండా శేషాచలం అడవిలో బస చేయకూడదు.