మెడ నొప్పికి పొట్ట కండరాలతో పని

మాదాపూర్‌లో కంప్యూటర్ ముందు ఉద్యోగం, మెట్రోలో ఫోను. సాయంత్రానికి మెడ రాయిలా బిగుసుకుపోయేది. గోడకు వీపు ఆనించి నిలబడితే తల దానికి తగిలేదే కాదు. ఫిజియోథెరపిస్టు మెడను వదిలేసి పొట్ట కండరాల వ్యాయామాలు చెప్పినప్పుడు విసుగొచ్చింది. కానీ కారణం సబబుగానే ఉంది. పొట్ట కండరాలు పట్టివ్వక నడుము కూలబడితే వీపు గూనిగా వంగుతుంది. చూపు ఎదురుగా నిలవాలంటే తల ముందుకు పొడుచుకు రావాల్సిందే. దాదాపు 5 కిలోల ఆ బరువును మెడ వెనక కండరాలు పట్టి ఆపాలి.

నాకు బాగా పనిచేసింది డెడ్ బగ్ అనే పొట్ట వ్యాయామం. వెల్లకిలా పడుకుని, చేతులు పైకి చాపి, మోకాళ్లు మడిచి తుంటికి పైగా ఎత్తాలి. ఊపిరి వదులుతూ కుడి చేతిని తల వెనక్కి, ఎడమ కాలిని ముందుకు నెమ్మదిగా దించాలి. తర్వాత రెండో వైపు. నడుము కింద అరచెయ్యి దూరేంత సందు వచ్చిందా, కాలు అంత దూరం చాపకూడదు. వేగంగా చేస్తే వృథా.

ప్లాంకులో, అంటే మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలిపి ఉంచేటప్పుడు, తల వేలాడేయకూడదు. ఈ వ్యాయామాలతోపాటు విడిగా గడ్డాన్ని కిందికి కాకుండా నేరుగా వెనక్కి లాగి 5 సెకన్లు ఆపాలి. అద్దంలో రెండు గడ్డాలు కనిపిస్తాయి, పరవాలేదు! క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపడం) మాత్రం మానేశాను. అవి మెడను మళ్లీ ముందుకే లాగేవి.

కొన్ని నెలలకు గోడకు తల ఆనింది, నొప్పి బాగా తగ్గింది. కంప్యూటర్ తెరను కళ్ల ఎత్తుకు పెంచడమూ కలిసొచ్చింది. చేతుల్లో తిమ్మిరి, పట్టు తప్పడం ఉంటే మాత్రం వ్యాయామాలకంటే ముందు వైద్యుణ్ని కలవాలి.