కాల్షియం పెంచింది ఎముకల మాత్ర కాదు

ఎముకలు గుల్లబారాయని అమ్మకు వారానికో అలెండ్రోనేట్ మాత్ర, రోజూ కాల్షియం, విటమిన్ డి రాశారు. మొదట ఛాతీలో మంట. పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేయించి, అరగంట నడుం వాల్చకుండా కూర్చోబెడితే అది తగ్గింది.

అసలు టెన్షన్ తర్వాత వచ్చింది. మలబద్ధకం, తీరని దాహం, రాత్రంతా మూత్రానికి లేవడం, ఇష్టమైన పప్పుచారు కూడా సయించకపోవడం. పరీక్షలో కాల్షియం 11.6. మామూలుగా 10.5 దాటకూడదు. ఆ మాత్ర వల్లేనని బంధువులంతా అన్నారు. కానీ అలెండ్రోనేట్ రక్తంలో కాల్షియాన్ని పెంచదు, కాస్త తగ్గిస్తుంది కూడా. అందుకే రిపోర్టులన్నీ పట్టుకుని హార్మోన్ల డాక్టరు (ఎండోక్రైనాలజిస్టు) దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కాల్షియం, డి ఆపించి మళ్లీ చూశారు. దిగలేదు. పీటీహెచ్ అంటే పారాథైరాయిడ్ గ్రంథులు వదిలే, రక్తంలో కాల్షియాన్ని పెంచే హార్మోను. ఆ పరీక్ష చేయిస్తే అదీ ఎక్కువే! కాల్షియం పెరిగినప్పుడు ఆ హార్మోను అణిగి ఉండాలి. మెడలో ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథుల్లో ఒకటి ఉబ్బి, ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి లాగేస్తోంది. ఎముకలు గుల్లబారడానికీ అదే కారణమన్నారు.

స్కాన్‌లో గ్రంథి దొరికింది, ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పుడు కాల్షియం 9.4. ఎముకల మందు మొదలుపెట్టేముందే రక్తంలో కాల్షియం చూడమని మీ డాక్టరును అడగండి. ఎక్కువుంటే పీటీహెచ్ కూడా చేయించండి.