ఆఫ్ఘనిస్థాన్ వెళ్తున్నారా? మీ పొరపాటు మిమ్మల్ని పిలిచినవాళ్ల మెడకు చుట్టుకోకుండా చూసుకోండి

ఆఫ్ఘనిస్థాన్ ప్రయాణం అనగానే మన ఇళ్లలో మొదట వచ్చే మాట ప్రాణభయం గురించే. ఆ భయం ఉత్తది కాదు. 2006లో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక టెలికాం ఇంజనీర్‌ను జాబుల్ ప్రావిన్స్‌లో ఎత్తుకెళ్లి చంపేశారు. 2024 మే నెలలో బామియాన్ బజారులో ముగ్గురు స్పెయిన్ పర్యాటకులను, వాళ్లతో ఉన్న ఆఫ్ఘన్లను కాల్చి చంపారు. అందుకే టికెట్ కొనకముందే మన విదేశాంగ శాఖ ట్రావెల్ అడ్వైజరీ చదవండి. తప్పనిసరి పని ఉంటేనే వెళ్లండి. వెళ్తే కాబూల్‌లోని భారత ఎంబసీకి మీ వివరాలు, ఎక్కడ ఉంటున్నారో ముందే తెలియజేయండి.

హెరాత్ వైపు ఒక నిర్మాణ పనిలో 14 నెలలు ఉండి వచ్చాను. నేను చెప్పదలచుకున్నది అడ్వైజరీలో ఉండదు. అక్కడ మనం చేసే తప్పుకు లెక్క చెప్పాల్సింది మనం కాదు. మనల్ని భోజనానికి పిలిచినవాడు, కారు నడిపినవాడు, ట్రాన్స్‌లేటర్‌గా వెంట తిరిగినవాడు చెప్పాలి. అక్కడి పెద్ద జాతి అయిన పష్తూన్ల కట్టుబాట్లను పష్తూన్‌వలీ అంటారు. అందులో మెల్మస్తియా అంటే అతిథి మర్యాద. ఇంట్లో అడుగుపెట్టినవాడి ప్రాణానికీ, పరువుకూ ఇంటివాడే పూచీ. తాజిక్‌లు, హజారాలు, ఉజ్బెక్‌లు లాంటి మిగతా జాతులవాళ్లు ఆ పేరు వాడకపోయినా అతిథి విషయంలో వాళ్ల పట్టింపూ తక్కువేం కాదు. మనం రేపు విమానం ఎక్కి వచ్చేస్తాం. వాళ్లు ఆ వీధిలోనే బతకాలి. నేను ఇక్కడ రాసే జాగ్రత్తలు ఎక్కువగా వాళ్ల కోసమే.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. మనుషులు ఆఫ్ఘన్లు. ఆఫ్ఘనీ అనేది అక్కడి డబ్బు పేరు. మన దగ్గర చదువుకున్నవాళ్లు కూడా ఇది కలిపేస్తారు. మనిషిని పట్టుకుని ఆఫ్ఘనీ అంటే మనల్ని ఎవరో రూపాయి అని పిలిచినట్టు ఉంటుంది. అలాగే పరిచయమైన రోజే "మీరు పష్తూనా, హజారానా?" అని అడగకండి. ఆ ప్రశ్న వెనక దశాబ్దాల గాయాలు ఉన్నాయి. భాష గురించి మరీ టెన్షన్ వద్దు. దరీ, పష్తో రాకపోయినా, పాకిస్థాన్‌లో శరణార్థులుగా పెరిగి వచ్చినవాళ్లు చాలామందికి ఉర్దూ వచ్చు. హైదరాబాద్ ఉర్దూ కాస్త తెలిస్తే సగం పని అవుతుంది.

పలకరింపుకు టైమ్ కేటాయించండి. "సలామ్ అలైకుమ్" అంటూ కుడిచెయ్యి గుండెమీద పెట్టాలి. ఆ తర్వాత ప్రశ్నలు వరసగా వస్తాయి: "చెతోర్ అస్తీ? ఖూబ్ అస్తీ? ఖానా ఖైరియత్ అస్త్?" ఎలా ఉన్నావు, బాగున్నావా, ఇంట్లో అంతా క్షేమమా అని. ఇద్దరూ ఒకేసారి అడుగుతూ ఉంటారు, జవాబు కోసం ఎవరూ ఆగరు. సైటులో ఎంత హడావిడి ఉన్నా ఇది పూర్తి కాకుండా పనిలోకి దిగితే మనిషిని మనిషిగా చూడలేదని అర్థం. పని చేస్తున్నవాడి పక్కనుంచి వెళ్తుంటే "మాందా నబాషీ" అనండి, అలసిపోకూడదు నువ్వు అని. "జిందా బాషీ" అని జవాబు వస్తుంది, నిండుగా బతుకు అని. నాకు ఆ దేశంలో అన్నిటికన్నా నచ్చిన మాటలు ఈ రెండూ.

ఆ పలకరింపులోనే నేను పెద్ద తప్పు చేశాను. మా మేస్త్రీ సెలవు నుంచి వచ్చాడు, ఇంట్లో బిడ్డ పుట్టిందని తెలుసు. అయిదారుగురు ఉండగా సంతోషంగా "మీ భార్య ఎలా ఉన్నారు?" అని అడిగేశాను. అతను నేలకేసి చూశాడు. పక్కనున్న పెద్దాయన సిమెంటు గురించి ఏదో మాట ఎత్తాడు. ఇంటి ఆడవాళ్ల ప్రస్తావన పదిమందిలో తేవడం అంటే అతని గౌరవాన్ని బజారులో పెట్టడమేనని సాయంత్రం ట్రాన్స్‌లేటర్ చెప్పాడు. నా బదులు తనే వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాడట. అడగాలంటే "ఖానా" అంటే చాలు, ఇల్లు, ఇంట్లోవాళ్లు అందరూ అందులోనే వస్తారు. మగవాళ్లయితే ఆడవాళ్లకు చెయ్యి చాపవద్దు, కళ్లలోకి చూస్తూ మాట్లాడవద్దు.

ఇక భోజనం. ఇక్కడ నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీకు ఎదురయ్యే పరీక్షలు ఎక్కువగా భోజనం దగ్గరే. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వెళ్తే గోడ చుట్టూ తోషక్‌లు, అంటే పొడవాటి పరుపులు ఉంటాయి. గుమ్మానికి దూరంగా ఉండే చోటు పెద్దలది. మీ అంతట మీరు అక్కడ కూర్చోకండి, వాళ్లు చెయ్యి పట్టి కూర్చోబెడితే మరీ మొండికేయకండి. ఇంటి పిల్లవాడు చెంబు, పళ్లెం తెచ్చి ఒక్కొక్కరి చేతులమీద నీళ్లు పోస్తాడు. నేలమీద పరిచిన గుడ్డే దస్తర్‌ఖాన్. దాన్ని తొక్కకూడదు, దాటకూడదు, కాళ్లు దాని వైపు చాపకూడదు. ఒకసారి నా చేతిలోంచి నాన్ ముక్క నేలమీద పడింది. మోకాళ్ల నొప్పులున్న ఆ ఇంటి తాత వంగి ఆ ముక్క తీసి, పెదవులకు ఆనించి, నుదుటికి తాకించి, ఎవరి కాలూ తగలని కిటికీ గట్టుమీద పెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మన అమ్మమ్మలు కిందపడ్డ మెతుకును కళ్లకు అద్దుకునేవాళ్లు కదా, అదే నాకు గుర్తొచ్చింది.

మీ ముందు పెట్టిన పలావు పళ్లెం మీ ఒక్కరిదే అనుకోవద్దు. చాలా ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు లోపలి గదిలో ఉంటారు, అతిథులు తిన్నాక మిగిలింది తింటారు. ఉన్న మాంసమంతా మీ వైపే తోస్తారు. కడుపు నిండా తినండి, మెచ్చుకోండి, కానీ పళ్లెం ఖాళీ చేయకండి. మీరు ఊడ్చి పెడితే మళ్లీ వడ్డిస్తారు, ఆ వడ్డించేది లోపలివాళ్ల వాటాలోంచే.

మాంసం విషయంలో మూడు మాటలు బట్టీ పట్టండి. గావ్ అంటే గొడ్డు మాంసం, గోస్ఫంద్ అంటే గొర్రె, ముర్గ్ అంటే కోడి. శాకాహారులైతే ఆ సంగతి ముందురోజే ట్రాన్స్‌లేటర్ ద్వారా చెప్పించాలి, దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాక కాదు. గొర్రె కోసి వండాక మీరు వద్దంటే ఆ ఇంటి పరువు పోయినట్టే. పైన మాంసం ముక్క కనపడకపోయినా పలావు బియ్యం సాధారణంగా మాంసం ఉడికించిన నీళ్లలోనే ఉడుకుతాయి. బంగాళాదుంప లేదా ఉల్లికాడల్లాంటి గందనా ఆకు పెట్టి కాల్చే బొలానీ రొట్టె, పెరుగుతో చేసే వంకాయ బొరానీ, నాన్, పెరుగు, పళ్లు అడగండి. మన పులిహోర పోపులో పడే ఇంగువ ఆ కొండల పంటే అయినా, వాళ్ల వంటల్లో పెద్దగా కనపడదు.

టీ కప్పు ఖాళీ అయినకొద్దీ నింపుతూనే ఉంటారు. చాలనుకుంటే కప్పుమీద అరచెయ్యి అడ్డం పెట్టి "తషక్కుర్" అనండి, థాంక్స్ అని. దారిన పోతుంటే "రా, భోంచేద్దాం" అని పిలిచేవాళ్లు చాలామంది. కొంతవరకు అది మర్యాద మాటే. రెండుసార్లు వద్దనండి, మూడోసారీ గట్టిగా పట్టుబడితే అప్పుడు వెళ్లండి. షాపువాడు, టాక్సీ డ్రైవరు కూడా మొదట డబ్బు వద్దంటారు. నిజమనుకుని జేబులో పెట్టుకుని వచ్చేయకండి, బతిమాలి ఇవ్వండి.

వస్తువులను మెచ్చుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. చలికాలంలో మా డ్రైవరు కప్పుకున్న పతూ, అంటే ఉన్ని శాలువా, చాలా బాగుందని రెండుసార్లు అన్నాను. కారు దిగేటప్పుడు అతను దాన్ని మడిచి నా ఒళ్లో పెట్టాడు. వెనక్కి ఇవ్వడానికి పది నిమిషాలు పట్టింది, బయట మంచు పడుతోంది. అప్పటినుంచి వంటను, తోటను, పిల్లల చదువును మాత్రమే మెచ్చుకుంటూ వచ్చాను.

నమాజు చేస్తున్నవాళ్ల ముందునుంచి నడవకండి. అరికాళ్లు ఎవరి వైపూ పెట్టకండి. బొటనవేలు పైకెత్తి చూపించడం పల్లెల్లో పెద్దవాళ్లకు బూతులా తోస్తుంది. రంజాన్ నెలలో పగటిపూట కారులో కూర్చుని కూడా పదిమందికి కనపడేలా నీళ్లు తాగవద్దు. చలికాలంలో బుఖారీ, అంటే ఇనప పొయ్యి, వెలిగించి గది తలుపులన్నీ బిగించి పడుకోవద్దు. ఊళ్ల బయట రోడ్డు దిగి నడవవద్దు, మూత్రానికైనా సరే. ఎరుపు రంగు పూసిన రాళ్లు కనపడితే అటువైపు మందుపాతరలు ఉన్నాయని, తెల్లరాళ్లు కనపడితే తీసేశారని గుర్తు.

2021 ఆగస్టు 15న తాలిబాన్ కాబూల్‌లోకి వచ్చాక పాత మర్యాదల మీద కొత్త చట్టాలు పడ్డాయి. 2024 ఆగస్టులో తెచ్చిన చట్టం ప్రాణమున్న వాటి బొమ్మలను నిషేధిస్తుంది. ఒక ఊళ్లో చూసీచూడనట్టు వదిలేస్తారు, పక్క ఊళ్లో ఫోన్ లాక్కుంటారు. అందుకని మనుషులను ఫోటో తీయకపోవడమే మంచిది. ఆడవాళ్లను, చెక్‌పోస్టులను, తుపాకీ పట్టినవాళ్లను అసలే తీయవద్దు. మీ ఫోన్లో ఫోటో దొరికితే ముందు ప్రశ్నించేది మీ డ్రైవర్నే. కారులో పాటలు పెట్టమని అతన్ని అడగకండి. మద్యం చుక్క కూడా వెంట తీసుకెళ్లకండి.

మన ఆడపిల్లలు పని మీద వెళ్తే వదులైన పొడవాటి బట్టలు, తలమీద గుడ్డ తప్పవు. 72 కిలోమీటర్లు దాటే ప్రయాణానికి ఆఫ్ఘన్ మహిళ వెంట దగ్గరి బంధువైన మగవాడు ఉండాలన్న నిబంధన 2021 డిసెంబరు నుంచి ఉంది. విదేశీ మహిళనైనా చెక్‌పోస్టులో ఆపి అడగవచ్చు. అందుకని ఒంటరి ప్రయాణం పెట్టుకోవద్దు. మహిళా అతిథికి ఇంటి లోపలి గదుల్లోకి స్వాగతం ఉంటుంది, మగవాళ్లకు దొరకని ఆదరం అది. అక్కడ విన్న మాటలు, చూసిన ముఖాలు ఆ గది దాటకూడదు.

ఆరో తరగతి తర్వాత ఆడపిల్లలకు బడి లేదు, 2022 డిసెంబరు నుంచి యూనివర్సిటీ కూడా లేదు. చదువు ఆగిన పిల్లలున్న ఇంట్లో కూర్చుంటే మనకు కడుపు తరుక్కుపోతుంది, అడగాలనిపిస్తుంది. నలుగురిలో అడగకండి. మీ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పినవాడికే ప్రమాదం. ఒంటరిగా ఉన్నప్పుడు వాళ్లంతట వాళ్లు చెబితే వినండి. మతం గురించి మాత్రం తప్పకుండా అడుగుతారు. హిందువునని, క్రైస్తవుడినని ఉన్నది నెమ్మదిగా చెప్పండి. దేవుడే లేడని వాదనకు దిగవద్దు.

మీరు బయలుదేరే రోజు ఇంటివాళ్లు గుమ్మం దాకా వచ్చి మీ వెనక నీళ్లు పోయవచ్చు. క్షేమంగా తిరిగి రావాలని పోసే నీళ్లు అవి, ఆ తడి దాటి మెల్లగా నడిచి వెళ్లండి. విమానం దిగగానే, మన ఇంటికి ఫోన్ చేసినట్టే, వాళ్లకూ చేరానని ఒక్క మెసేజ్ పెట్టండి. అక్కడి టైమ్ మనకన్నా గంట వెనక, అర్ధరాత్రయినా ఎదురుచూస్తుంటారు. వాళ్ల ఇంటి ఫోటోలు, పేర్లు మాత్రం సోషల్ మీడియాలో పెట్టకండి.