బడ్ పవెల్‌కు నివాళి కచేరీ: కీబోర్డు వాయించే మన పిల్లల కోసం

సెప్టెంబర్ 27 అమెరికన్ జాజ్ పియానిస్టు బడ్ పవెల్ పుట్టినరోజు. 1924లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పుట్టారు. చార్లీ పార్కర్ శాక్సోఫోన్‌పై పలికించిన బీబాప్‌ను, అంటే వేగంగా సాగే జాజ్ శైలిని, పియానోకు మలిచినవారిలో ఆయనే ముందు. విజయనగరంలో కీబోర్డు నేర్పే నాకు ఆయనంటే ప్రాణం. ఆయన పేరిట గంటసేపు కచేరీ చేయాలనుకునేవారికి నా మొదటి మాట: రికార్డులోని సోలోను ఇంట్లో స్వరం స్వరం నేర్చుకోండి, వేదిక మీద మాత్రం సొంతంగా అల్లండి. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వాయించిన ఊరిది. కల్పనస్వరాలు అప్పు తెచ్చుకుంటే ఇక్కడి శ్రోతలు ఇట్టే పట్టేస్తారు.

సాధన ఎడమ చేతితో మొదలుపెట్టండి. సినిమా పాటల అలవాటు కొద్దీ మనం నిండు కార్డులు (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు) పట్టేస్తాం. పవెల్ చాలాచోట్ల రెండు స్వరాలతోనే సరిపెట్టారు: మూలస్వరం, దానితో ఏడవదో మూడవదో. డి మైనర్ సెవెన్ కార్డుకు డి, పైన సి. జి సెవెన్‌కు జి, బి. సి మేజర్ సెవెన్‌కు సి, బి. పై స్వరం సి నుంచి బికి అరమెట్టు దిగి అక్కడే నిలుస్తుంది, చూడండి. వీటిని పొట్టిగా, మెత్తగా, కుడి చేయి ఊపిరి తీసుకునే చోట వేయండి. ప్రతి లెక్క మీదా కొడితే సొగసంతా పోతుంది.

కుడి చేతికి మెట్రోనోమ్‌ను (లయ చప్పుడు చేసే పరికరాన్ని) నిమిషానికి 80 చప్పుళ్ళలో పెట్టి, ఆ చప్పుడు రెండో, నాలుగో లెక్కల మీద పడుతోందనుకుని వాయించండి. అసలు వేగం 160 అవుతుంది. తడబడితే చేతులు తీసేసి, ముందు నోటితో లెక్కపెట్టండి. వేగంలో పెడల్ దాదాపు వద్దు.

పాటల్లో పియానిస్టు థెలోనియస్ మంక్ తన మిత్రుడైన పవెల్ పేరు పెట్టి 1947లో రికార్డు చేసిన 'ఇన్ వాక్డ్ బడ్' తప్పక ఉండాలి. అర్వింగ్ బెర్లిన్ 'బ్లూ స్కైస్' కార్డుల మీద కొత్త బాణీ అది. ఒకరి చట్రంలో ఇంకొకరు కొత్త పాట కట్టడం బీబాప్‌లో మామూలే. నివాళికి అంతకన్నా మంచి నమూనా ఏది? పవెల్ సొంత బాణీల్లో 'సీలియా' కూడా పెట్టుకోండి. 'ఉన్ పోకో లోకో' మాత్రం గట్టి డ్రమ్మర్ ఉంటేనే. 1951 రికార్డులో డ్రమ్మర్ మాక్స్ రోచ్ కౌబెల్ (కర్రతో కొట్టే లోహపు గంట) మీద వేసిన నడకే దాని ప్రాణం. పియానిస్టు చిక్ కొరియా 1997లో పవెల్ నివాళి ఆల్బమ్ తెచ్చినప్పుడు డ్రమ్స్‌కు రాయ్ హేన్స్‌ను పిలిచారు. ఆయన 1949లో పవెల్‌తోనే రికార్డు చేసినవారు. తోడు వాయించేవారి ఎంపిక అంత ముఖ్యం.

వాద్యం 88 మెట్లది, బరువుగా నొక్కుకునేది కావాలి. 61 మెట్ల తేలిక కీబోర్డులో ఒత్తులు సరిగా పలకవు. ఊళ్ళో దొరక్కపోతే విశాఖ నుంచి అద్దెకు తెప్పించండి. ఆటో రిథమ్ జోలికి పోవద్దు.

పరిచయం తెలుగులో, రెండు నిమిషాలకు మించకుండా చెప్పండి. 1945లో పోలీసులు తలపై కొట్టిన దెబ్బ, తరువాతి ఆసుపత్రి రోజులు ఒక్క వాక్యంలో చాలు. జాలి కథ సాగదీస్తే ఆయన సంగీతం వెనక్కి పోతుంది. నెమ్మది పాట మధ్యలో, అన్నిటికన్నా వేగమైనది చివరలో ఉంచండి. బాస్, డ్రమ్స్ వాయించినవారి పేర్లు మైకులో చెప్పాకే స్టూలు మీంచి లేవండి.